పోస్ట్‌గ్రెస్‌లో సర్వర్ ప్రాసెస్‌లు, క్లయింట్ కనెక్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కొన్ని లాడ్జీలకు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు, రెండు మూడు చిన్న ఆసుపత్రులకు నేను డేటాబేస్‌లు చూస్తుంటాను. అన్నిచోట్లా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్లే. ఫోన్ చేసి అడిగేవాళ్ల ప్రశ్నలు చాలావరకు ఒకటే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలో రాశాను. కాన్ఫిగరేషన్ ఫైల్లో అవే పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, పదానికీ పదానికీ మధ్య అండర్‌స్కోర్‌తో కనిపిస్తాయి.

ఒక క్లయింట్ కనెక్ట్ అయితే సర్వర్ లోపల ఏం జరుగుతుంది?

పోస్ట్‌మాస్టర్ అనే తల్లి ప్రాసెస్ ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మామూలుగా 5432 పోర్టు దగ్గర ఎవరు వస్తారా అని చూస్తుంటుంది. కొత్త క్లయింట్ (డేటాబేస్‌ను వాడుకునే ప్రోగ్రాం) రాగానే ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి, ఆ క్లయింట్‌ను దానికి అప్పగిస్తుంది. ఈ పిల్ల ప్రాసెస్‌ను బ్యాకెండ్ అంటారు. క్లయింట్ వెళ్లిపోయేదాకా ఆ బ్యాకెండ్ అతని ఒక్కడికే. క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) వరసగా పంపుతున్నా సరే, కనెక్షన్ తెరిచి ఊరికే కూర్చున్నా సరే, ఇంకొకరికి అది పనికిరాదు.

లైనక్స్‌లో పీఎస్ కమాండ్ కొట్టి చూడండి, ఇదంతా కళ్ల ముందు ఉంటుంది. ప్రతి బ్యాకెండ్ వరుసలో యూజర్ పేరు, డేటాబేస్ పేరు, క్లయింట్ అడ్రసు, ఆ క్షణంలో చేస్తున్న పని కనిపిస్తాయి. వాటి పక్కనే చెక్‌పాయింటర్, బ్యాక్‌గ్రౌండ్ రైటర్, వాల్ రైటర్, ఆటోవాక్యూమ్ లాంచర్ కూడా ఉంటాయి. అవి సర్వర్ సొంత పనులు చూసుకునేవి, క్లయింట్ కనెక్షన్ల లెక్కలోకి రావు.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద ఉన్న జవాబుల్లో సగం మీకే తోస్తాయి. కనెక్షన్ అంటే ఒక నిజమైన ప్రాసెస్. దానికి మెమరీ కావాలి, పుట్టడానికి సమయం కావాలి, పాస్‌వర్డ్ సరిచూడటానికి ఇంకాస్త సమయం కావాలి.

"సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్‌రెడీ" అని వస్తోంది అన్నా. మ్యాక్స్ కనెక్షన్స్ పెంచేస్తే సరిపోదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఒకప్పుడు నేనూ ఇదే అనుకున్నాను. దానివల్ల ఏం జరిగిందో చెప్పాలి.

ఒక జూన్ నెలలో, తోతాపురి సీజన్ మంచి ఊపు మీద ఉంది. ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర ప్రోగ్రాం ఆగిపోయిందని రాత్రి పదింటికి ఫోన్ వచ్చింది. చూస్తే ఈ ఎర్రరే. మ్యాక్స్ కనెక్షన్స్ మామూలుగా వచ్చే 100 దగ్గరే ఉంది. దాన్ని 500 చేసి, సర్వర్ రీస్టార్ట్ చేశాను. కాటా మళ్లీ నడిచింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మరుసటి రోజు మధ్యాహ్నానికి 8 జీబీ ర్యామ్ మొత్తం నిండిపోయింది. లైనక్స్ తనను తాను కాపాడుకోవడానికి ఒక బ్యాకెండ్‌ను చంపేసింది. అలా ఒక్క బ్యాకెండ్ అర్ధంతరంగా చచ్చిపోతే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నింటినీ తెంచేసి, రికవరీ చేసుకుని మళ్లీ మొదలవుతుంది. అందరూ పంచుకునే మెమరీలో ఏమైనా చెడిపోయి ఉండొచ్చన్న జాగ్రత్తతో అది అలా చేస్తుంది. కాటా దగ్గర, గేటు దగ్గర, అకౌంట్స్ గదిలో అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. బయట రోడ్డు మీద ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. కోసిన కాయ ఎండలో ఆగితే మెత్తబడుతుంది, తూకం తగ్గుతుంది. ఆ నష్టం రైతుది. తప్పు నాది.

అసలు కారణం ఆ సాయంత్రం దొరికింది. తూకం చీటీ ప్రింట్ అయ్యేటప్పుడు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ప్రోగ్రాం ఎర్రర్ చూపించి మొదటికి వెళ్లిపోయేది. వెళ్లేముందు తెరిచిన కనెక్షన్‌ను మూసేది కాదు. కాగితం ఇరుక్కున్న ప్రతిసారీ ఒక బ్యాకెండ్ అనాథలా మిగిలిపోయేది. 100 పరిమితి ఉన్నప్పుడు ఆ లీకు 100 దగ్గర బయటపడింది. నేను 500 చేయడంతో అది కనపడకుండా పెరిగి, మెమరీని తినేసింది.

కాబట్టి ఈ ఎర్రర్ రాగానే ముందు పీజీ స్టాట్ యాక్టివిటీ అనే వ్యూ చూడండి. ఏ యూజర్, ఏ అప్లికేషన్, ఏ కంప్యూటర్ నుంచి ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. స్టేట్ కాలమ్‌లో ఎన్ని ఐడిల్‌గా ఉన్నాయో, ఎంతసేపటి నుంచి ఉన్నాయో చూడండి. గంటలకొద్దీ ఐడిల్‌గా ఉన్నవి పదుల్లో కనిపిస్తే మీ పరిమితి చిన్నది కాదు, మీ ప్రోగ్రాం లీక్ అవుతోంది.

ఎర్రర్ వచ్చాక నేనే లోపలికి వెళ్లలేకపోతున్నాను. ఇక చూసేదెలా?

అన్ని హక్కులూ ఉన్న సూపర్‌యూజర్ కోసం పోస్ట్‌గ్రెస్ 3 కనెక్షన్లు పక్కన పెట్టి ఉంచుతుంది. అంటే 100లో మామూలు యూజర్లకు దక్కేవి 97. సర్వర్ మెషీన్ మీదకు వెళ్లి పోస్ట్‌గ్రెస్ యూజర్‌తో లాగిన్ అయితే లోపలికి వెళ్లగలరు. వెళ్లలేకపోతున్నారంటే, చాలాసార్లు మీ అప్లికేషనే సూపర్‌యూజర్‌గా లాగిన్ అవుతోందన్నమాట. ఆ 3 కూడా అదే తినేస్తుంది. అప్లికేషన్‌కు వేరే యూజర్‌ను, అవసరమైన హక్కులు మాత్రమే ఇచ్చి, ఈ రోజే తయారు చేయండి. భద్రత కోసమైనా ఈ పని తప్పదు.

16వ వెర్షన్ నుంచి రిజర్వ్‌డ్ కనెక్షన్స్ అనే ఇంకో సెట్టింగ్ కూడా ఉంది. మానిటరింగ్ లాంటి ముఖ్యమైన యూజర్లకు, సూపర్‌యూజర్ హోదా ఇవ్వకుండానే, కొన్ని స్థానాలు అట్టిపెట్టవచ్చు.

సరే, ఎన్ని కనెక్షన్లు ఉంటే మంచిది?

ఇక్కడ రెండు లెక్కలు కలిసిపోతుంటాయి, వాటిని విడదీయాలి. ఎంతమంది కనెక్ట్ అయి ఉండొచ్చు అన్నది ఒక లెక్క. ఒకేసారి ఎంతమంది పని చేస్తే మెషీన్ బాగా నడుస్తుంది అన్నది ఇంకో లెక్క.

రెండో దానికి పోస్ట్‌గ్రెస్ వికీలో ఒక సూత్రం చాలా ఏళ్లుగా ఉంది. కోర్ల సంఖ్యను రెండింతలు చేసి, దానికి డిస్కుల సంఖ్య కలపడం. 4 కోర్లు, ఒక డిస్కు ఉన్న మెషీన్‌కు 9 వస్తుంది. "తొమ్మిదేనా! మా లాడ్జీల గ్రూపులోనే 60 కంప్యూటర్లు ఉన్నాయి" అని ఆశ్చర్యపోతారు. కానీ 60 కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు ఒకే మిల్లీసెకనులో బటన్ నొక్కరు. ఒక గది ఖాళీగా ఉందో లేదో చూసే క్వెరీ కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. మిగతా సమయమంతా యాత్రికుడి పేరు, ఆధార్ నంబరు టైపు చేయడానికే పోతుంది.

సీజన్లో ఏ గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా ఒకసారి నిలబడి చూడండి. లోపల రోజుకు ఎన్ని టన్నులు ఆడించగలరో దాన్నిబట్టి బండ్లను లోపలికి వదులుతారు. మిగతావి టోకెన్ నంబరుతో బయట ఆగుతాయి. బయట 300 ట్రాక్టర్లు ఉన్నాయని అన్నింటినీ ఒకేసారి యార్డులోకి తోలితే, తూకం వేసిన ఖాళీ బండి తిరిగి బయటికి రావడానికి కూడా చోటు ఉండదు. ఆడించే టన్నులు పెరగవు సరికదా, ఉన్నవీ తగ్గుతాయి. డేటాబేస్‌కూ ఇదే లెక్క. 4 కోర్ల మీద 200 క్వెరీలు ఒకేసారి పడితే, సీపీయూ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడంలోనే అలసిపోతుంది. అవి లాక్‌ల కోసం (ఒకరు మారుస్తున్న వరుసను ఇంకొకరు మార్చకుండా వేసే తాళాల కోసం) ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. అందరికీ ఆలస్యమే.

మ్యాక్స్ కనెక్షన్స్‌ను చాలా చిన్న సంస్థల్లో 100 దగ్గరే వదిలేస్తాను. కావాల్సింది ముందు ఒక గేటు, బయట ఒక క్యూ. 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో ఐడిల్ కనెక్షన్లు ఎక్కువైనా పని మందగించకుండా మంచి మార్పులు చేశారు. పాత వెర్షన్‌లో ఉన్నవాళ్లకు అప్‌గ్రేడ్ చేసుకోవడానికి ఇదొక్కటే చాలు. అయినా ఐడిల్ కనెక్షన్ తినే మెమరీ తింటూనే ఉంటుంది.

వర్క్ మెమ్‌కూ కనెక్షన్లకూ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. వర్క్ మెమ్ అంటే క్వెరీ పనికి ఇచ్చే మెమరీ పరిమితి, మామూలుగా 4 ఎంబీ. చాలామంది దీన్ని కనెక్షన్‌కు ఇంత అని అనుకుంటారు, అది పొరపాటు. ఒక క్వెరీలో జరిగే ఒక్కో సార్టింగ్‌కు, ఒక్కో హ్యాష్ పనికి అంత. పెద్ద రిపోర్టు క్వెరీలో అలాంటివి నాలుగైదు ఉండొచ్చు. హ్యాష్ పనులకు 15వ వెర్షన్ నుంచి దానికి రెండింతలు వాడుకునే వీలు కూడా ఉంది. రిపోర్టులు నెమ్మదిగా వస్తున్నాయని ఎవరో వర్క్ మెమ్‌ను 64 ఎంబీ చేస్తారు. ఇంకెవరో కనెక్షన్లు పెంచుతారు. విడివిడిగా రెండూ బాగానే కనిపిస్తాయి. 40 మంది ఒకేసారి రిపోర్టు తీసిన రోజు ర్యామ్ చాలదు. రిపోర్టులు తీసే యూజర్ ఒక్కడికే ఆల్టర్ రోల్ అనే కమాండ్‌తో వర్క్ మెమ్ పెంచి, మిగతావాళ్లకు అలాగే వదిలేయడం మేలు.

షేర్డ్ బఫర్స్, అంటే చదివిన డేటాను పెట్టుకునే ఉమ్మడి మెమరీ, సంగతి వేరు. అది అందరికీ కలిపి ఒకటే, కనెక్షన్లతో పెరగదు. డేటాబేస్ కోసమే ఉంచిన మెషీన్ అయితే ర్యామ్‌లో నాలుగో వంతుతో మొదలుపెట్టండి.

కనెక్షన్ పూల్ అంటే ఏమిటి? పీజీబౌన్సర్ తప్పనిసరా?

కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి ఉంచి, అవసరమైనవాళ్లకు అరువిచ్చి, పని కాగానే వెనక్కి తీసుకోవడమే పూల్. మీ అప్లికేషన్ ఒక్కటే, ఒకే మెషీన్ మీద నడుస్తుంటే దాని లోపల ఉండే పూల్ చాలు. జావాలో హికారీ సీపీ ఉంది, పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీకి సొంత పూల్ ఉంది.

అప్లికేషన్లు రెండు మూడైనా, ఒక్కో అప్లికేషన్ చాలా ప్రాసెస్‌లుగా నడుస్తున్నా పీజీబౌన్సర్ పెట్టుకోండి. ఇది క్లయింట్లకూ పోస్ట్‌గ్రెస్‌కూ మధ్యలో, సాధారణంగా 6432 పోర్టు మీద ఉంటుంది. క్లయింట్లు దానికే కనెక్ట్ అవుతారు. ఒక్కో క్లయింట్ కనెక్షన్‌కు దానికి పట్టే మెమరీ సుమారు 2 కేబీ మాత్రమే కాబట్టి వందలమంది వచ్చి ఆగినా దానికి బరువు కాదు. వెనక పోస్ట్‌గ్రెస్‌కు మాత్రం 10 లేదా 20 కనెక్షన్లే కనిపిస్తాయి.

రెండు చోట్ల కాలు జారుతారు. మొదటిది మ్యాక్స్ క్లయింట్ కాన్, అంటే ఎన్ని క్లయింట్ కనెక్షన్లను రానివ్వాలో చెప్పేది. పీజీబౌన్సర్‌లో కూడా ఇది మామూలుగా 100 దగ్గరే ఉంటుంది. పెంచడం మర్చిపోతే కొత్త గేటు దగ్గర పాత ఎర్రరే వస్తుంది. ఇక్కడ పెంచినా ప్రమాదం లేదు, ఆగేవాళ్లు ఆగుతారు. రెండోది డిఫాల్ట్ పూల్ సైజ్. ఇది మొత్తానికి 20 కాదు, ఒక్కో యూజర్, డేటాబేస్ జతకు 20. ముగ్గురు యూజర్లు, రెండు డేటాబేస్‌లు ఉంటే ఆరు జతలు, అంటే 120 దాకా. వెనక మ్యాక్స్ కనెక్షన్స్ 100 అయితే రద్దీ రోజున ఏమవుతుందో ఊహించండి. బ్రహ్మోత్సవాల ముందు ఒక లాడ్జీ వాళ్ల సెటప్‌లో ఈ లెక్క చూసి వెంటనే 8కి తగ్గించాం. ఆ పది రోజులూ సాఫీగా నడిచింది.

పూల్ మోడ్ ఏది పెట్టాలి? సెషనా, ట్రాన్సాక్షనా?

సెషన్ మోడ్‌లో క్లయింట్ వెళ్లిపోయేదాకా సర్వర్ కనెక్షన్ అతనిదే. ఏమీ తెగదు, కానీ పెద్దగా కలిసి వచ్చేదీ ఉండదు. మీరు మార్చకపోతే ఉండేది ఇదే. ట్రాన్సాక్షన్ అంటే అన్నీ కలిసి జరగాల్సిన, లేదంటే అన్నీ కలిసి రద్దు కావాల్సిన పనుల కట్ట. ట్రాన్సాక్షన్ మోడ్‌లో అది కమిట్ (ఖాయం) కాగానే కనెక్షన్ వెనక్కి పోతుంది. పదిమంది పనిని ఇద్దరు చేయగలిగేది ఇందులోనే. నేను దాదాపు ఎప్పుడూ ఇదే పెడతాను. స్టేట్‌మెంట్ మోడ్‌లో ఒకటి కంటే ఎక్కువ స్టేట్‌మెంట్ల ట్రాన్సాక్షన్ కుదరదు, డబ్బు లెక్కలు ఉన్నచోట దాని జోలికి వెళ్లకండి.

ట్రాన్సాక్షన్ మోడ్‌కు మారేముందు మీ కోడ్ చూసుకోవాలి. ఒక ట్రాన్సాక్షన్‌లో సెట్ కమాండ్‌తో మార్చిన విలువ తర్వాతి ట్రాన్సాక్షన్‌లో ఉంటుందని నమ్మితే కుదరదు, అది ఇంకొకరి చేతికి వెళ్లి ఉండొచ్చు. సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లు, లిజన్ కమాండ్, ట్రాన్సాక్షన్ దాటి బతకాల్సిన టెంపరరీ టేబుళ్లు కూడా ఇంతే. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ల (ఒకసారి తయారుచేసి మళ్లీ మళ్లీ వాడే క్వెరీల) ఇబ్బంది మాత్రం 2023లో వచ్చిన 1.21 వెర్షన్‌తో తీరింది. ప్రోటోకాల్ స్థాయిలో తయారయ్యేవాటిని పీజీబౌన్సరే గుర్తుపెట్టుకుంటుంది. దానికి మ్యాక్స్ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్స్ విలువ సున్నా కాకుండా చూసుకోండి.

మా అప్లికేషన్ పూల్ సైజు 5 మాత్రమే. అయినా 60 కనెక్షన్లు కనిపిస్తున్నాయి. ఎందుకు?

పూల్ సైజు ప్రాసెస్‌కు అంత, మొత్తానికి కాదు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో పూల్ సైజు 5, దానిపైన రద్దీలో ఇంకో 10 దాకా తెరుస్తుంది. అంటే ఒక ప్రాసెస్‌కు 15. పైథాన్ అప్లికేషన్లను నడిపే గునికార్న్‌లో 4 వర్కర్ ప్రాసెస్‌లు నడుస్తుంటే 60. రేపు ఇంకో మెషీన్ కలిపితే 120. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అయితే కాన్ మ్యాక్స్ ఏజ్ సున్నా ఉన్నంతకాలం ప్రతి రిక్వెస్టుకూ కొత్తగా తెరిచి మూస్తుంది. లెక్క తక్కువగా కనిపిస్తుంది, కానీ ప్రతిసారీ ప్రాసెస్ పుట్టించి పాస్‌వర్డ్ చూసే ఖర్చు పడుతుంది.

ఐడిల్ వేరు, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ వేరా?

పూర్తిగా వేరు. మొదటిది ఊరికే కూర్చున్న మనిషి. రెండోది రిజిస్టరు తెరిచి, పెన్ను చేతిలో పట్టుకుని, ఎటో చూస్తున్న మనిషి. ఆ పేజీ ఇంకెవరూ రాయలేరు.

ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అంటే బిగిన్ అని మొదలుపెట్టి, కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ చేయకుండా ఆగిన కనెక్షన్. అది పట్టుకున్న లాక్‌లన్నీ అలాగే ఉంటాయి. లాడ్జీలో గది బుక్ చేసే స్క్రీన్ తెరిచి, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, యాత్రికుడు యూపీఐలో డబ్బు పంపేదాకా ఆగే ప్రోగ్రాం నేను చూశాను. ఆ గది వరుస మీద లాక్ ఉన్నంతసేపూ ఇంకో కౌంటర్లో అదే గదిని మార్చబోయినవాళ్ల స్క్రీన్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దానికి తోడు, ఇలాంటి పాత ట్రాన్సాక్షన్ స్నాప్‌షాట్ (అది మొదలైనప్పటి డేటా రూపం) పట్టుకుని ఉంటే దాని తర్వాత చచ్చిన, అంటే మార్చిన లేదా తీసేసిన, వరుసలను వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని ఊడ్చలేదు. టేబుల్ ఉబ్బుతూ పోతుంది. పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో కూడా ఈ కనెక్షన్ వెనక్కి రాదు, ఎందుకంటే ట్రాన్సాక్షన్ అయిపోలేదు కదా.

మనిషి చేసే పని కోసం ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచకూడదు. గదిని "హోల్డ్" అని రాసి కమిట్ చేసేయండి, డబ్బు వచ్చాక ఇంకో ట్రాన్సాక్షన్‌లో ఖాయం చేయండి. కోడ్ మార్చేలోపు రక్షణగా ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమవుట్ 1 నిమిషం పెట్టండి. ఇది 9.6 వెర్షన్ నుంచి ఉంది, మీరు పెట్టేదాకా పనిచేయదు. ఊరికే ఐడిల్‌గా ఉన్నవాటిని తెంచే ఐడిల్ సెషన్ టైమవుట్ 14 నుంచి వచ్చింది. కానీ పూల్ వాడే యూజర్లకు దాన్ని పెట్టకండి. పూల్ దాచుకున్న కనెక్షన్ దానికి తెలియకుండా తెగిపోతే, తర్వాత దాన్ని అందుకున్నవాళ్లకు ఎర్రర్ వస్తుంది.

కరెంటు పోయి కౌంటర్ కంప్యూటర్ ఆగిపోతే సర్వర్‌కు తెలుస్తుందా?

వెంటనే తెలియదు. ప్రోగ్రాం సరిగ్గా మూస్తే వెళ్తున్నానని చెప్పి వెళ్తుంది. కరెంటు పోతే చెప్పేవాళ్లే ఉండరు. లైనక్స్ మామూలు సెట్టింగులో, కదలిక లేని కనెక్షన్ బతికే ఉందా అని అడగడానికి 2 గంటలు ఆగుతుంది. ఆ 2 గంటలూ బ్యాకెండ్ ఎదురుచూస్తూ ఉంటుంది. ట్రాన్సాక్షన్ మధ్యలో ఉంటే లాక్‌తో సహా.

టీసీపీ కీప్‌అలైవ్స్ ఐడిల్‌ను 60 సెకన్లు, ఇంటర్వల్‌ను 10, కౌంట్‌ను 6 పెట్టండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

వేరే కంప్యూటర్ నుంచి కనెక్ట్ కావడం లేదు. ఎక్కడ వెతకాలి?

ఎర్రర్ మాటను పూర్తిగా చదవండి, సగం దారి అదే చూపిస్తుంది.

కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే ఎక్కువసార్లు మెషీన్ దొరికింది, ఆ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరు. పోస్ట్‌గ్రెస్ ఆగి ఉండాలి, పోర్టు తప్పయి ఉండాలి, లేదా లిజన్ అడ్రసెస్ ఇంకా లోకల్‌హోస్ట్ (ఆ మెషీన్ నుంచి మాత్రమే) అని ఉండాలి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చోట చాలావరకు ఈ మూడోదే. దాన్ని సర్వర్ ఐపీకి మార్చి రీస్టార్ట్ చేయాలి. చాలాసేపు ఆగి టైమవుట్ అయితే ఫైర్‌వాల్ గానీ తప్పు ఐపీ గానీ చూడండి. పీజీ హెచ్‌బీఏలో ఎంట్రీ లేదని వస్తే సంతోషించండి, మీరు సర్వర్ గడప దాకా వచ్చారు. పీజీ హెచ్‌బీఏ అనే ఫైల్లో మీ డేటాబేస్, యూజర్, ఐపీకి సరిపోయే వరుస రాసి రీలోడ్ చేస్తే (సర్వర్ ఆపకుండా సెట్టింగులు మళ్లీ చదివిస్తే) చాలు. పాస్‌వర్డ్ ఫెయిల్ అయిందని వస్తే వరుస దొరికింది, పాస్‌వర్డ్ కుదరలేదు. అసలు ఆ పేరుతో యూజరే లేకపోయినా క్లయింట్‌కు ఇదే మాట చెబుతుంది, అసలు సంగతి సర్వర్ లాగ్‌లోనే రాస్తుంది.

ఆ ఫైల్లో వరుసలను పైనుంచి కిందికి చూస్తుంది. మొదట సరిపోయిన వరుసే ఖాయం. అది కాదంటే కిందికి వెళ్లి ఇంకోదాన్ని ప్రయత్నించదు. "కింద సరిగ్గానే రాశాను సార్" అని చెప్పేవాళ్ల ఫైల్లో పైన ఎక్కడో పాత వరుస ఒకటి ఉంటుంది.

ఐపీ సరిపోవడం లేదని అన్ని అడ్రసులకూ ట్రస్ట్ అని రాసేశాను. పనిచేస్తోంది. పర్వాలేదా?

దయచేసి ఇప్పుడే తీసేయండి. ట్రస్ట్ అంటే పాస్‌వర్డ్ అడగకుండా ఎవరినైనా, ఏ యూజర్ పేరుతోనైనా రానిస్తుంది. ఆసుపత్రి డేటాబేస్‌లో ఉన్నది రోగుల జబ్బులు, లాడ్జీ డేటాబేస్‌లో ఉన్నది దూరం నుంచి వచ్చిన యాత్రికుల ఆధార్ నంబర్లు. వాళ్లు మనల్ని నమ్మి ఇచ్చారు. మీ ఆఫీసు నెట్‌వర్క్‌కు మాత్రమే వర్తించే వరుస రాసి, పద్ధతి స్క్రామ్ షా 256 పెట్టండి. పాత వెర్షన్ నుంచి వచ్చిన యూజర్లకు ఎండీ5 పాస్‌వర్డ్ ఉండిపోయి ఉంటే ఒకసారి పాస్‌వర్డ్ మళ్లీ పెట్టించాలి. బయట ఊరి నుంచి కావాలంటే వీపీఎన్ ద్వారా రండి, 5432ను ఇంటర్నెట్‌కు తెరవకండి.

ఏ మార్పుకు రీలోడ్ చాలు, దేనికి రీస్టార్ట్ కావాలి?

పీజీ సెట్టింగ్స్ వ్యూలో కాంటెక్స్ట్ కాలమ్ చూడండి. పోస్ట్‌మాస్టర్ అని ఉంటే రీస్టార్ట్ తప్పదు. మ్యాక్స్ కనెక్షన్స్, షేర్డ్ బఫర్స్, లిజన్ అడ్రసెస్, పోర్టు ఈ కోవలోవి. సిగ్‌హప్ లేదా యూజర్ అని ఉన్నవాటికి రీలోడ్ చాలు. మార్చి, రీస్టార్ట్ మర్చిపోయారేమో పెండింగ్ రీస్టార్ట్ కాలమ్ చెబుతుంది. రెప్లికా (అసలు సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్) ఉంటే మ్యాక్స్ కనెక్షన్స్ ముందు అక్కడ పెంచి, తర్వాత ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో, పెంచండి. ప్రైమరీ కంటే తక్కువ ఉండకూడదు.

రాత్రి రీస్టార్ట్ చేద్దామంటే తిరుపతిలో లాడ్జీకి రాత్రంటూ ఉండదు. రెండింటికి దిగే బస్సులు ఉంటాయి, అదే సమయానికి కొండకు బయలుదేరేవాళ్లూ ఉంటారు. పీజీబౌన్సర్ ఇక్కడ కూడా ఆదుకుంటుంది. ట్రాన్సాక్షన్ మోడ్‌లో పాజ్ అని చెబితే నడుస్తున్న ట్రాన్సాక్షన్లు అయ్యేదాకా ఆగి, కొత్తవాటిని క్యూలో ఉంచుతుంది. పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ అయ్యాక రెజ్యూమ్ అంటే క్యూ కదులుతుంది. కౌంటర్లో ఉన్నవాళ్లకు కొన్ని సెకన్లు నెమ్మదించినట్టు అనిపిస్తుంది, ఎర్రర్ రాదు.

ఒక క్వెరీ ఎంతకీ ఆగడం లేదు. కిల్ మైనస్ 9 కొట్టనా?

వద్దు. ముందు పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్, అది క్వెరీని మాత్రం ఆపుతుంది. కదలకపోతే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్, అది కనెక్షన్‌ను మర్యాదగా మూసేస్తుంది. కిల్ మైనస్ 9 కొడితే పైన చెప్పిన కాటా కథే మళ్లీ జరుగుతుంది. ఒక్కరి కోసం అందరి కనెక్షన్లూ తెగుతాయి.

ఒక్క అప్లికేషనే కనెక్షన్లన్నీ తినేస్తోంది. ఆపేదెలా?

ఆల్టర్ రోల్‌తో ఆ యూజర్‌కు కనెక్షన్ లిమిట్ పెట్టండి. డేటాబేస్‌కు కూడా పెట్టవచ్చు. ప్రతి అప్లికేషన్‌కూ వేరే యూజర్ ఉంటేనే ఇది కుదురుతుంది. కనెక్షన్ స్ట్రింగ్‌లో అప్లికేషన్ నేమ్ కూడా రాయించండి, వెతికేటప్పుడు ఎంత సమయం కలిసొస్తుందో మీకే తెలుస్తుంది.

ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లో కూడా ఇంతేనా?

మైఎస్‌క్యూఎల్ కనెక్షన్‌కు ప్రాసెస్ కాకుండా ఒక థ్రెడ్ ఇస్తుంది, మామూలు పరిమితి 151. ఒరాకిల్‌లో రెండు దారులున్నాయి. డెడికేటెడ్ సర్వర్ అయితే పోస్ట్‌గ్రెస్‌లాగే సెషన్‌కు ఒక ప్రాసెస్. షేర్డ్ సర్వర్ అయితే డిస్పాచర్లు క్లయింట్ల అభ్యర్థనలను ఒకే ఉమ్మడి క్యూలో పెడతాయి, ఖాళీగా ఉన్న సర్వర్ ప్రాసెస్ దాన్ని అందుకుంటుంది, జవాబు ఆ డిస్పాచర్ క్యూ ద్వారా తిరిగి వెళ్తుంది. డేటాబేస్‌ను ఆపడం, మొదలుపెట్టడం లాంటి పనులకు మాత్రం డెడికేటెడ్ కనెక్షనే కావాలి. 11జీ వెర్షన్ నుంచి డీఆర్‌సీపీ అనే పూల్ కూడా డేటాబేస్ లోపలే ఇచ్చారు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ గేటును మనం బయట కట్టుకుంటాం.

సీజన్ మొదలయ్యే ముందు ఏం పరీక్షించాలి?

కాయ కోతకు రాకముందే, మే నెలలో, ఒక రోజు దీనికే కేటాయించండి. పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే వేగం కొలిచే ప్రోగ్రాం పీజీబెంచ్‌ను పరీక్ష డేటాబేస్ మీద 10 క్లయింట్లతో, తర్వాత 50తో, 100తో నడిపి, సెకనుకు ఎన్ని ట్రాన్సాక్షన్లు వస్తున్నాయో రాసుకోండి. ఒక దశ దాటాక క్లయింట్లు పెంచినా లెక్క పెరగదు. మీ మెషీన్ గేటు అక్కడ కట్టాలి. పెద్ద సీ ఆప్షన్ పెడితే ప్రతి ట్రాన్సాక్షన్‌కూ కొత్త కనెక్షన్ తెరుస్తుంది, ఆ తేడా ఒక్కసారి చూస్తే పూల్ ఎందుకో ఎవరికీ చెప్పక్కర్లేదు. పీజీబౌన్సర్‌లో షో పూల్స్ కొట్టి, ఎదురుచూస్తున్న క్లయింట్ల కాలమ్ ఎంతసేపు సున్నా పైన ఉంటోందో గమనించండి. క్వెరీ వెయిట్ టైమవుట్ 120 సెకన్లు, అంతకంటే ఎక్కువ ఆగినవాళ్లను అది తెంచేస్తుంది.

ఆ తర్వాత అసలైన పరీక్ష. కాటా ప్రోగ్రాంలో ఒక తూకం వేసి, చీటీ ప్రింట్ అవుతుండగా ప్రింటర్ వైరు పీకండి. అలా ఇరవైసార్లు చేసి పీజీ స్టాట్ యాక్టివిటీలో కనెక్షన్లు లెక్కపెట్టండి. ఒక్కటి కూడా పెరగకూడదు. తర్వాత ఇంకో తూకం మధ్యలో కంప్యూటర్ ప్లగ్గే పీకేయండి, గడియారం చూసుకుంటూ ఆ బ్యాకెండ్ ఎన్ని నిమిషాల్లో పోతుందో చూడండి.